బంగారి ముర్రుపాలు

గట్టుపాలెం, కూచిపూడి దగ్గర,
18 అక్టోబరు 1975.

చిట్టికి,

అక్క దీవించి రాయునది. మరియమ్మ తల్లి దయవల్ల ఇక్కడ క్షేమం. నీ కార్డు అందింది.

నేనొక గాడిదను కొన్నాను. నా మరిది జక్కయ్య ఏదో పనిమీద విజయవాడ వచ్చినప్పుడు నీకు నవ్వుతూ చెప్పకముందే నేనే చెబుతున్నాను. మన ఎకరన్నర చేనుకి కాలువ గట్టు మీద అరమైలు నడవాలని నీకు తెలుసు. ఆ గట్టుకి బండి పట్టదు. మీ బావ ఉన్నప్పుడు ఆయన కావిడితో మోసేవారు. ఆయన పోయాక ఈ మూడేళ్ళూ పెంట గంప చేనుకి, వంకాయ గంప బస్సు దగ్గరికి నా నెత్తి మీదే వెళ్ళాయి. వయసు మీద పడుతోంది కదా, ఇక చాలనిపించింది.

పక్క ఊరి చాకలి సుబ్బరత్నం కొడుకు సైకిల్ కొనుక్కుని దాని మీదే మూటలు వేస్తున్నాడు. గాడిదకు పని లేక సావిట్లో నిలబడి ఉంది. రెండు బస్తాల ధాన్యం ఇచ్చి తోలుకొచ్చాను. పేరు బంగారి. చూలుతో ఉంది. శివరాత్రి దాటాక ఈనుతుందని సుబ్బరత్నం చెప్పింది.

ఊరు ఊరంతా గట్టు మీదే నిలబడి నవ్వింది. "వదినా, బట్టలెప్పుడేయమంటావ్?" అని జక్కయ్య అడిగాడు. "నీ పంచె మాత్రం వెయ్యకు, బంగారి తన్నుకి గురి ఎక్కువ" అన్నాను. శౌరమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. నా తోడికోడలు మొగుడి ఎదుట పైకి నవ్వడం నేనింతవరకు చూడలేదు.

నువ్వు మాత్రం నవ్వకు. తిండి మానకు.

నీ అక్క,
అమలమ్మ

—

విజయవాడ, వన్‌టౌన్,
9 నవంబరు 1975.

అక్కకు,

నవ్వలేదు. కోపం వచ్చింది. యాభై రెండేళ్ళ మనిషివి, చూలు గాడిదను తోలుకుంటూ ఆ గట్టు మీద తిరగాలా? నా గది చిన్నదే, కింద ఎండుమిర్చి గోడౌను కాబట్టి తుమ్ములు కూడా తప్పవు. అయినా ఇద్దరం సర్దుకుంటాం. అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నువ్వు నన్ను పెంచావు. ఇప్పుడు నేను నిన్ను చూసుకుంటానంటే నీకెందుకంత మొహమాటం?

నా వార్డు సంగతి విను. కాన్పుల వార్డులో నాకు రోజూ యుద్ధమే. కాన్పు అవగానే అత్తగారు వస్తుంది, మొదటి పాలు పసుపుగా ఉన్నాయి, చెడ్డవంటుంది, పిండి పారబోయిస్తుంది. బిడ్డకు పంచదార నీళ్ళు పోస్తుంది. ఆ ముర్రుపాలే బిడ్డకు ప్రాణం అమ్మా, తొలి గంటల్లోనే కడుపులో పడాలి అని నేను నోరు నొప్పెట్టేలా చెబుతాను. "నువ్వు కన్నావా పెంచావా, నీకేం తెలుసు?" అంటారు. పెళ్ళి కాని నర్సు మాట ఎవరు వింటారు?

ఇంకొకటి. నీ అక్షరాలు ఎడమవైపుకి ఒరిగాయి. చేతికేమైంది?

తెరేసమ్మ

—

గట్టుపాలెం,
20 జనవరి 1976.

చిట్టికి,

కలం పాళీ వంగింది, అంతే. ప్రతి దాన్లో జబ్బు వెతకడం మీ నర్సులకు అలవాటు.

బంగారి గట్టు మీద నాకంటే నిదానంగా అడుగులేస్తుంది. జారేచోట ఆగి, నావైపు చూసి, నేను దాటాకే తను దాటుతుంది. మినుము చేను పూత మీద ఉంది. కాలువ ఒడ్డున వంగ, దోస వేశాను. పెంటంతా అదే మోసింది. ఇప్పుడు కడుపు కిందికి దిగింది కాబట్టి బరువు తగ్గించాను. తిరిగొచ్చాక నడుము మీద తడిగుడ్డ వేసి కాసేపు నిమురుతాను, కళ్ళు మూసుకుంటుంది.

నవ్విన ఊరు ఇప్పుడు ఏం చేస్తోందో తెలుసా? ముందే చెప్పి పెట్టుకుంటోంది. గాడిదపాలు పడితే పసిపిల్లలకు దగ్గు, ఆయాసం రావని ఇక్కడ అందరి నమ్మకం కదా. ఐదు ఇళ్ళవాళ్ళు ఈనగానే కబురు చేయమన్నారు. జక్కయ్యకు మనవడు పుట్టాడు, వాడికి పుట్టినప్పటినుంచి దగ్గే. శౌరమ్మ రెండుసార్లు వచ్చింది. జక్కయ్య మాత్రం గుమ్మం దాకా వచ్చి, వాకిట్లో వంగమొక్కలు చూసి వెళ్ళిపోయాడు. పాలు కావాలనడానికి నోరు రావాలి కదా.

గుడి ఫాదరుగారు కూడా అడిగారు. ప్రభువు గాడిదనెక్కి వచ్చిన రోజు కదా, మట్టల ఆదివారం ఊరేగింపులో తల్లినీ పిల్లనూ ముందు నడిపిద్దామంటున్నారు. నా గాడిదకు ఇన్ని పిలుపులు వస్తాయని నేననుకోలేదు.

నీ వార్డు అత్తగార్ల సంగతి చదివి నవ్వుకున్నాను. పట్నంలో కూడా అంత తెలివితక్కువ వాళ్ళుంటారా?

అమలమ్మ

—

గట్టుపాలెం,
14 ఫిబ్రవరి 1976.

తెరేసమ్మ గారికి,

అమలమ్మ రాయునది.

నిన్న ఉదయం నా మరిది తాడు పట్టుకుని మా చేనుకి వచ్చి కొలత వేశాడు. ఏమిటని అడిగాను. జూన్ నుంచి చేను కౌలుకి తనే చేస్తాడట. నేను విజయవాడ వెళ్ళి తమరి ఆస్పత్రిలో ఆయాగా చేరతానట. తమరు మాట ఇచ్చారట. పోస్టు కూడా ఖాయం చేశారట. నాకు తప్ప అందరికీ తెలుసు.

ఈ చేను దున్నింది మీ బావ. నాకు పిల్లలు లేరు, ఇల్లు పెంకుటిల్లు, ఉన్నది ఆ ఎకరన్నరే. అక్కడ నేను పొద్దున లేచి ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పరు. మీ వార్డులో నేల తుడవడం తక్కువ పనని కాదు. కానీ నన్ను అడగకుండా నా రోజులు మీరిద్దరూ పంచుకున్నారు. నన్ను మూట కట్టి గాడిద మీద వేశారు.

ఇంతకంటే రాయడానికి మనసు రావడం లేదు.

ఇట్లు,
అమలమ్మ

—

విజయవాడ, వన్‌టౌన్,
19 ఫిబ్రవరి 1976.

అక్కా,

నువ్వు నన్ను "గారు" అన్నావు. ఆ ఒక్క మాటకి డ్యూటీలో రెండుసార్లు బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

తప్పు నాదే. కానీ నువ్వు కూడా ఒకటి దాచావు. దసరా ముందు నువ్వు గట్టు మీద గంపతో సహా జారిపడ్డావు. కుడి మణికట్టు విరిగింది. కాలువ వైపు పడి ఉంటే ఏమయ్యేదో. బట్టలు తెచ్చే సుబ్బరత్నం చూసేదాకా నువ్వు అక్కడే పడి ఉన్నావు. ఈ సంగతి నాకు జక్కయ్య బావ చెప్పాడు, నువ్వు చెప్పలేదు. కలం పాళీ వంగిందన్నావు. మా ఆస్పత్రిలో విరిగిన ఎముకలు కూడా కడతారక్కా!

అందుకే భయపడ్డాను. భయంలో నిన్ను అడిగితే కాదంటావని, అడగకుండానే మాట ఇచ్చేశాను.

ఇప్పుడు ఒక మాట. ఆయా పోస్టు జూన్ ఒకటి దాకా ఖాళీగా ఉంచుతామన్నారు. బంగారి సుఖంగా ఈని, వేసవి కాయంతా నీ నెత్తి మీద బరువు పడకుండా గట్టు దాటితే, నేను మళ్ళీ ఆ ఊసెత్తను. చేను నీది, జక్కయ్య బావకు నేనే రాస్తాను. కానీ నువ్వు మళ్ళీ గంప నెత్తికెత్తావని తెలిస్తే వచ్చి నిన్ను చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను. సరేనా?

నీ చిట్టి

—

గట్టుపాలెం,
19 మార్చి 1976.

చిట్టికి,

పోయిన కార్డులో సరే అన్నాను కదా, అందుకే దాచకుండా అంతా రాస్తున్నాను. చదివి తిట్టు.

మొన్న బుధవారం తెల్లవారుతుండగా బంగారి ఈనింది. ఆడపిల్ల. తడితడిగా, పొడుగు కాళ్ళతో, చెవులు తనకంటే పెద్దవి. వీపు మీద అడ్డంగా నిలువుగా నల్లటి చార, అచ్చం సిలువ గుర్తే. నేను సావిట్లో మోకాళ్ళ మీద కూచుని ఆ చెవులు తుడుస్తూ ఏడ్చాను. ఎందుకో నాకే తెలియదు. సంతోషానికే అనుకుంటాను.

పొద్దెక్కేసరికి కబురు పాకిపోయింది. ఐదు ఇళ్ళ ఆడవాళ్ళూ ఐదు ఉగ్గుగిన్నెలు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. ఒకటి వెండిది, మిగతావి ఇత్తడివి. అక్టోబరులో గట్టు మీద నవ్విన మొహాలే ఇవి. ఇప్పుడు "అమలమ్మక్కా, అమలమ్మత్తా" అంటున్నారు. నాకు ఎంత గర్వం వచ్చిందో చెప్పలేను. ఆ గర్వమే నా కళ్ళు కప్పేసింది.

గేదెకి మనమేం చేస్తాం? మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి పోనివ్వం. ముందు జున్నుపాలు పిండి ఇరుగుపొరుగుకి పంచుతాం. పుట్టి బుద్ధెరిగి నేను చేసింది అదే, మన అమ్మ చేసిందీ అదే. ఇక్కడా అదే చేశాను. పిల్లను పక్కకి కట్టాను. బంగారిని పిండాను. గ్లాసున్నర వచ్చాయి, పసుపుగా, చిక్కగా. ఐదు గిన్నెల్లో సమంగా పోశాను. అందరూ దీవించి వెళ్ళారు. ఆ తర్వాత మాయ పడింది. పిల్లను విప్పాను. అది లేవలేదు.

మధ్యాహ్నానికి తల కూడా ఎత్తడం మానేసింది. చెవులు చల్లబడ్డాయి. పొదుగు చూస్తే ఖాళీ. బంగారి పిల్లను మూతితో నెడుతోంది, నావైపు చూస్తోంది. గట్టు మీద నేను దాటేదాకా ఆగి చూసినట్టే చూసింది. అప్పుడు భయం వేసి సుబ్బరత్నానికి కబురు పంపాను.

ఆవిడ వచ్చి పొదుగు పట్టుకు చూసింది. "మొదటి పాలేవమ్మా?" అంది.

పంచానని చెప్పాను.

"పంచావా! గేదె అనుకున్నావా దీన్ని? ఆ పాలు కడుపులో పడకపోతే ఇది లేస్తుందా? నీ బిడ్డ నోటికాడ తీసి ఊరికి పోస్తావా?"

నాకు బిడ్డలు లేరని ఆవిడ ఆ కోపంలో మరిచిపోయింది. నేను మరిచిపోలేదు. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది చిట్టీ. ముర్రుపాలే ప్రాణం, తొలి గంటల్లోనే పడాలి అని నువ్వు నవంబరులో రాశావు. పట్నం అత్తగార్లను చూసి నేను నవ్వాను. నేను చేసింది ఏమిటి? ఆ అత్తగార్లలో నేనూ ఒకదాన్ని. నువ్వు రాసింది మనుషుల గురించే అనుకున్నాను.

"పోయి అడుగు" అంది సుబ్బరత్నం. "ఎన్ని చుక్కలు మిగిలితే అన్ని."

ఇచ్చినదాన్ని తిరిగి అడగడం నా జన్మలో చెయ్యలేదు. అదీ పసిపిల్లల పాలు. అదీ గాడిద పిల్ల కోసం. ఎండలో చెప్పుల్లేకుండా బయల్దేరాను.

మొదటి రెండు ఇళ్ళలో అప్పటికే పిల్లలకు పోసేశారు. మూడో ఇల్లు వెంకటసుబ్బారావు గారిది. వాళ్ళ కోడలు ఛాయాదేవి చిన్నపిల్ల, నా మాట సగం వినకముందే లోపలికి పరిగెత్తి వెండి గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. "గిన్నె తర్వాతివ్వండి, ముందు వెళ్ళండి" అంది. నాలుగో ఇంటి ముసలావిడ గొణిగింది కానీ ఇచ్చింది.

చివరికి జక్కయ్య ఇల్లు. అరుగు మీద కూచున్నాడు. లోపల మనవడు దగ్గుతున్నాడు, ఆ దగ్గు బయటికి వినిపిస్తోంది. నేను అడిగాను.

"ఇచ్చిన పాలు అడుక్కోడానికొచ్చావా వదినా? మావాడికంటే నీకా గాడిద పిల్ల ఎక్కువైందా?"

అక్కడే నిలబడ్డాను. అంతలో శౌరమ్మ లోపలినుంచి వచ్చింది. బిడ్డకు నీళ్ళు పోశాక తాగిద్దామని గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టి మూత వేసి ఉంచిందట. దాన్ని చెంగుతో కప్పుకుని, మొగుడి ముందునుంచే మెట్లు దిగింది. "పదక్కా, ఎండకి విరిగిపోతాయి" అని నాకంటే ముందు నడిచింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ నాకంటే ముందు నడవడం అదే మొదటిసారి.

సుబ్బరత్నం పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుంది. ముందు వేలు తడిపి నోట్లో పెట్టింది. ఎంతసేపటికీ చీకలేదు. శౌరమ్మ మరియమ్మ జపం చదువుతోంది, సుబ్బరత్నం వాళ్ళ అమ్మవారిని పిలుస్తోంది, నేను ఎవరినీ పిలవలేకపోయాను. తర్వాత వేలిని కొంచెం చీకింది. ఉగ్గుగిన్నె ముక్కుతో చుక్కచుక్కగా మూడు గిన్నెలూ పట్టింది ఆవిడ. పొద్దు వాలేవేళకి చెవి ఒకటి కదిలింది. తర్వాత ముందుకాళ్ళ మీద లేవబోయి బోర్లా పడింది, మళ్ళీ లేచింది. ముగ్గురం పట్టుకుని పొదుగు దగ్గర నిలబెట్టాం. తోక ఊపుకుంటూ తాగడం మొదలుపెట్టింది.

"ఇంక బతికింది పో" అంది సుబ్బరత్నం. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "కోపంలో అన్న మాట పట్టించుకోకమ్మా" అంది.

ఈ రోజు పొద్దున ఆ పిల్ల నన్ను తన్నింది. మోకాలి కింద నల్లగా కమిలింది. దాచకుండా రాశాను చూడు.

నీ అక్క,
అమలమ్మ

—

విజయవాడ,
23 మార్చి 1976.

అక్కా,

తిట్టను. నీ ఉత్తరం డ్యూటీ గదిలో నిలబడే చదివాను. ఐదు ఇళ్ళ ముందు చెప్పుల్లేకుండా నిలబడ్డ నిన్ను తలుచుకుంటే నిన్ను తిట్టే నోరు నాకు లేదు.

బొడ్డుకి అయోడిన్ రాయి, రోజూ చూడు. జక్కయ్య బావ మనవణ్ణి మాత్రం గాడిదపాల మీద వదిలేయకండి. ఆస్పత్రికి తీసుకురమ్మను, పిల్లల డాక్టరుకి నేను చూపిస్తాను. ఎవరైనా పాలు పట్టేట్టయితే కాచి పట్టమను.

మట్టల ఆదివారానికి నాలుగు రోజులు సెలవు దొరికింది.

చిట్టి

—

గట్టుపాలెం,
3 ఏప్రిల్ 1976.

చిట్టికి,

నువ్వు వస్తున్నావని బంగారికి చెప్పాను. దాని పిల్లకి పేరు పెట్టాను. సాయం చెయ్యడానికి వచ్చినవాళ్ళనే తంతుంది, ముందు అరుస్తుంది, తర్వాత వచ్చి ఒళ్ళో తల పెడుతుంది. వేరే పేరు తోచలేదు. నీ పేరే పెట్టాను. చిట్టి. కోపం వస్తే నాలుగు రోజులు సెలవుంది కదా, తీరిగ్గా తీర్చుకో.

జక్కయ్య నీ మాట విన్నాడు. మనవణ్ణి తీసుకొచ్చాడట కదా, మందు పడ్డాక దగ్గు నెమ్మదించిందని శౌరమ్మ చెప్పింది. ఆ మర్నాడు ఆయన మా వాకిట్లో నిలబడ్డాడు. వంగమొక్కలు చూశాడు, ఆకాశం చూశాడు, చివరికి అడిగాడు. "వదినా, మా చేలోకి పెంట తోలాలి. బంగారిని ఓ రెండు పూటలు ఇస్తావా?"

ఐదు నెలల నవ్వులూ నా నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను.

"బంగారి బాలింత, జక్కయ్యా. మూడు నెలలు దాని నడుం మీద గోనెపట్టా కూడా వెయ్యను" అన్నాను.

"మరి నీ వంకాయలు? మొదటి కోత రేపేగా? గంప నెత్తికెత్తనని చెల్లెలికి మాటిచ్చావట?"

అదే నేను మూడు రోజులుగా ఆలోచిస్తున్న సంగతి. బాలింతతో మోయించలేను. నేను మోయకూడదు. కాయ ముదిరిపోతోంది. ఇక జూన్‌లో పెట్టె సర్దుకోవాల్సిందేనని రాత్రి అనుకున్నాను కూడా. నీకు దాచకూడదని రాస్తున్నాను.

మర్నాడు తెల్లవారి చేనుకి వెళ్ళేసరికి మీ బావ కావిడి భుజాన వేసుకుని జక్కయ్య గట్టు మీద నిలబడి ఉన్నాడు. నాకు తెలియకుండా మా అటక మీదనుంచి శౌరమ్మ దింపి ఇచ్చిందట. రెండు గంపలూ బస్సు దాకా మోశాడు. బంగారి మళ్ళీ పనిలోకి వచ్చేదాకా తనే మోస్తాడట. ఆ తర్వాత నాకు పని ఉన్న రోజు బంగారి నాకు, లేని రోజు తనకు. కొలత తాడు ఇప్పుడు చిట్టిని కట్టడానికి వాడుతున్నాం.

ఊళ్ళోవాళ్ళు గట్టు మీద నిలబడి నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా.

వచ్చేటప్పుడు బీసెంట్ రోడ్డులో నాకు ఒక మంచి కలం కొనుక్కురా.

అక్క

—

విజయవాడ, వన్‌టౌన్,
24 ఏప్రిల్ 1976.

అక్కకు,

క్షేమంగా చేరాను, రాయడమే ఆలస్యమైంది. నా పేరుగల ప్రాణి ఫాదరుగారి చేతిలోని మట్ట సగం నమిలేయడం ఇక్కడ సిస్టర్లకు చెబితే, వాళ్ళు నవ్వి నవ్వి ప్రార్థనకు ఆలస్యమయ్యారు. సుబ్బరత్నం మాత్రం గుడి బయటే నిలబడి, "మా బంగారి ముందు నడుస్తోంది" అని అందరికీ చెప్పుకుంటున్న మొహం నేను మరిచిపోలేను.

ఆయా పోస్టుకి వేరొకామెను తీసుకోమని మొన్న చెప్పేశాను. ఊసెత్తనన్నాను, ఇదే ఆఖరు.

ఒక సంగతి చెప్పాలి. నువ్వు నా సంచిలో పెట్టిన మన అమ్మ ఉగ్గుగిన్నె వార్డులో నా బల్ల మీదే ఉంచాను. నిన్న ఒక పిల్లకు తొలికాన్పు. అత్తగారు గుడివాడ వైపు మనిషి, పది గేదెల పాడి ఉందట. పసుపు పాలు పిండెయ్యమని పట్టుబట్టింది. నేను ఈసారి డాక్టర్లు చెప్పేది చెప్పలేదు. గిన్నె చేతిలోకి తీసుకుని, ఆవిడ పక్కన కూచుని, గట్టుపాలెంలో ఒక గాడిద ఈనిందని మొదలుపెట్టాను. మా అక్క పాలు పంచడం, పిల్ల చెవులు చల్లబడటం, ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఇచ్చిన పాలు మళ్ళీ అడగడం, అన్నీ చెప్పాను. చుట్టూ మంచాల మీదవాళ్ళు కూడా లేచి కూచున్నారు. "ఇప్పుడెలా ఉంది?" అని ఒకావిడ అడిగింది. "అందరినీ తంతోంది" అన్నాను.

అత్తగారు నా చేతిలోని గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత కోడలి వైపు తిరిగి కసురుకుంది.

"ఏం చూస్తున్నావే? గాడిద పిల్ల కోసం ఆ మహాతల్లి ఊరంతా తిరిగిందట. నా మనవడికి నీ దగ్గరే ఉన్నాయి కదా, పట్టు!"

పట్టింది. వాడు చెవులు కదుపుతూ తాగాడక్కా.

నీ చిట్టి